బండ మీద పొగ

నా చిన్నప్పుడు మా నాయన ఇంట్లో లేని ఎండాకాలం ఒకటి వచ్చింది. ఆయన మమ్మల్ని వదిలేసి పోలేదు. పశువులను బతికించుకోవడానికి కొండల్లోకి పోయాడు, అంతే. కానీ తొమ్మిదేళ్ళు కూడా నిండని నాకు ఆ తేడా తెలిసేది కాదు. పొద్దున లేచేసరికి వాకిట్లో ఆయన దగ్గు వినిపించకపోతే ఆ రోజంతా ఏదో పోగొట్టుకున్నదానిలా తిరిగేదాన్ని.

మా ఊరు సోమందేపల్లెకూ గోరంట్లకూ నడుమ, రోడ్డు వదిలి బాగా లోపలికి ఉండేది. వరుసగా రెండో ఏడు కూడా వానలు తప్పిపోయాయి. చెనిక్కాయ విత్తనం మట్టిలోనే మాడిపోయింది. వామిలో గడ్డి అయిపోయాక ఇంటి కప్పు మీది బోదగడ్డి లాగి ఎద్దుల ముందర వేసిన రోజులవి. తూర్పున కొండల లోపల ఒక ఊట ఇంకా ఆరలేదనీ, దాని చుట్టూ కాస్తో కూస్తో మేత మిగిలి ఉందనీ ఎవరో చెప్పారు. మా నాయనా, పీర్ల చావిడి పక్కన ఉండే సాయిబు తాతా కలిసి రెండిళ్ళ పశువులనూ తోలుకొని ఆ ఊట దగ్గరికి పోయారు. వాళ్ళు కదిలేటప్పుడు నేను నిద్రలో ఉన్నాను. లేపితే ఏడుస్తానని లేపలేదట. లేపి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మొదట్లో కట్టెలు కొట్టుకొచ్చేవాళ్ళు, తేనె దించేవాళ్ళు ఆ దిక్కు నుంచి వచ్చినప్పుడల్లా మా వాకిట్లో ఆగి, మీ నాయన బాగుండాడు పాపా, అని చెప్పిపోయేవాళ్ళు. ఆ ఒక్క మాటతో నాకు వారం గడిచేది. తర్వాత ఎండలు ముదిరి, ఆ దిక్కుకు పోయేవాళ్ళే లేకపోయారు. కబురు ఆగిపోయింది. మా అమ్మ సాయంత్రం సంగటి కెలికేటప్పుడు తెడ్డు ఆపి తలుపు వైపు చూసేది.

అప్పుడు మా మేనత్త, నేను పోయి చూసొస్తానంది.

ఆమె మా నాయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చి మాతోనే ఉండిపోయింది. ఆమె అత్తగారిది గొర్రెల ఇల్లు. కాపురం చేసిన కొద్ది ఏళ్ళూ మంద వెంట కొండలూ వంకలూ తిరిగింది. మనిషి పొడుగు, సన్నం. మాట కరుకు. నవ్వితే మాత్రం పైపన్ను ఒకటి బయటికి కనిపించేది, అప్పుడామె నా ఈడు పిల్లలా ఉండేది.

నేను ఆమె కొంగు పట్టుకొని వదల్లేదు. మా అమ్మ చంకలో నెలల పిల్లాడితో అడ్డం నిలబడింది. "ఈ ఎండలో దీన్ని యాడికి తీసకపోతావు వదినా?" అంది. మా అత్త నన్ను కిందినుంచి పైదాకా ఒకసారి చూసింది.

"ఏడిస్తే తీసకపోను. నడిస్తే తీసకపోతా. కొన్నాళ్ళు చూస్తా."

ఆ సాయంత్రం నుంచే నా పరీక్ష మొదలయింది. ఊరి వెనక గుట్ట ఉండేది. రోజూ పొద్దు వాలే వేళకు దాని మీదికి ఎక్కి దిగాలి. మొదటి రోజు ఊరికే పొమ్మంది. మరునాడు నెత్తిన గంప పెట్టి, అందులో రెండు రాళ్ళు వేసింది. తర్వాత ఇంకొన్ని. నాకు రాళ్ళు మోయించేదేమిటని మా అమ్మ గొణిగేది. ఆడుకుంటూ పరిగెత్తే కాళ్ళు వేరే, బరువుతో నడిచే కాళ్ళు వేరే అని మా అత్త అనేది. కొండకు పోయినాక నేర్చుకుందాం అంటే కొండ ఒప్పుకోదట. మొదటి రెండు రోజులు నా పిక్కలు రాయిలాగా బిగుసుకుపోయాయి. తర్వాత వాటంతట అవే సడలాయి.

బయలుదేరే ముందు చెప్పుల దగ్గర మా ఇద్దరికీ పెద్ద తగవే అయింది. ఆ ఏడు ఉగాదికి నాకు కొత్త చెప్పులు కుట్టించారు. నాయనకు చూపించాలని దాచుకున్నాను. మా అత్త వాటిని అటక మీదికి విసిరి, పాత చెప్పులు బయటికి తీసింది. తెగిన పట్టీలు కుట్టించి, తోలుకు ఆముదం పట్టించి, రాత్రంతా అట్లాగే ఉంచింది. కొత్తవి ఊళ్ళో తిరగడానికి, దావన పోవడానికి కాలికి మరిగినవే కావల్ల అంది. నా కాళ్ళకు కూడా, వేళ్ళ సందుల్లోనూ మడమల మీదా ఆముదం రాసింది. ఆ జిడ్డుకు నేను ముఖం మాడ్చుకున్నాను.

మూట కట్టడం కూడా ఒక చదువే. నేను తెచ్చుకుంటానన్నవన్నీ చాప మీద పరిచి ఒక్కొక్కటే చేతికి తీసుకొని, ఇదెందుకు అని అడిగింది. టక్కున చెప్పలేకపోతే అది పక్కకు పోయింది. నా అద్దం పోయింది. పూసల డబ్బీ పోయింది. అచ్చనగాయల రాళ్ళు చూసి పన్ను బయటపెట్టి నవ్వింది.

"కొండలో రాళ్ళు దొరకవనుకున్యావా?"

చివరికి మిగిలినవి రాగిపిండి మూట, జొన్న రొట్టెలు, చెనిగింజల పొడి, ఉప్పు, ఎండుమిరపకాయలు, కంబళి, కొడవలి, తాడు, నీళ్ళకు రెండు సొరకాయ బుర్రలు. అగ్గిపెట్టెలోని పుల్లలను రెండు భాగాలు చేసి, పెట్టె ముక్కతో సహా ఒకటి తన రొంటిన, ఒకటి నా నడుముకు కట్టింది. ఒకరి దగ్గరివి తడిసినా ఇంకొకరి దగ్గర ఉంటాయని. అంత పెద్ద బాధ్యత నాకు అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు. నడుస్తున్నంతసేపూ నడుము తడుముకుంటూనే ఉన్నాను.

ఇంకా చుక్కలు కనిపిస్తుండగానే కదిలాము. ఊరు దాటగానే ఆమె నన్ను ముందు నడవమంది. నాకు దావ తెలియదు కదా అన్నాను. ఎనకనుంచి నేను చెప్తాలే, నువ్వు నడువు అంది. నన్ను పెద్దదాన్ని చేసి ముందు పెట్టిందని పొంగిపోయాను. అసలు సంగతి చాలా ఏళ్ళ తర్వాత అర్థమయింది. ఆమె ముందు ఉంటే ఆ పొడుగు కాళ్ళ వెంట నేను పరిగెత్తి మధ్యాహ్నానికే కూలబడేదాన్ని. వెనక ఉంది గనుక ఆమె నడకే నా నడక అంతయింది. దావ పొడుగునా ఏదో ఒకటి మాట్లాడించింది. మధ్యలో నాకు మాట తెగి, ఎగపోత వస్తే, మాట్లాడలేనంత బిన్నా ఎవురు నడవమన్నారు అని నెమ్మది చేయించేది.

ఎండ నెత్తికెక్కే వేళకు ఒక కానుగ చెట్టు కింద ఆగాము. పడుకొని కాళ్ళు చెట్టు మొదలుకు ఎత్తి పెట్టించింది. నేను పొదుపు చేస్తున్నానని మెప్పు పొందడానికి నీళ్ళు వద్దన్నాను. ఆమె బుర్ర నా నోటికి అందించింది. బుర్రలో దాచిన నీళ్ళు నీ దప్పిక తీర్చవు, కడుపులోకి పోవల్ల అంది. ఎండ వాలేదాకా ఆ నీడ వదలనివ్వలేదు. నేను మాత్రం తూర్పు కొండల వైపే చూస్తూ, ఇప్పుడు నాయన ఏం చేస్తుంటాడు, అన్నం తిన్నాడా అని అడిగిందే అడిగాను. ఆమె విసుక్కోకుండా, తినే ఉంటాడు అని ప్రతిసారీ జవాబు చెప్పింది.

సాయంత్రానికి ఒక వంక దగ్గరికి చేరాము. చుక్క నీళ్ళు లేవు. తెల్లని ఇసుక, పరుపులా మెత్తగా ఉంది. నేను కంబళి పరిచేశాను. మా అత్త దాన్ని దులిపి భుజాన వేసుకొని పైన బండ వైపు నడిచింది.

"ఇసుక మెత్తగా ఉండాది కదత్తా" అన్నాను.

"అది నీళ్ళ దావ. ఎగువన యాడ వాన పడినా మనకు చెప్పకుండా వచ్చేస్తాది."

రెండేళ్ళుగా రాని వాన ఈ రోజే వస్తుందా అని నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "రెండేండ్లు రాలేదని నీళ్ళు దావ మర్చిపోతాయా?" అంది.

పడుకునే బండను బందారు పొద కొమ్మతో ఊడ్చి, తేళ్ళేమైనా ఉన్నాయేమోనని చుట్టూ ఉన్న రాళ్ళను కట్టెతో తిరగేసి చూసింది. తర్వాత వంకలోకి దిగి, ఇసుకను రెండు చేతులతో తోడింది. మోచేతి లోతుకు పోయాక తడి తగిలింది. కాసేపు ఊరికే కూర్చొని చూడమంది. అడుగున నీళ్ళు కన్నులాగా ఊరాయి. ఆ చెలమలో నీళ్ళు కొంగుతో వడబోసి రెండు బుర్రలూ నింపుకున్నాము. ఆ రాత్రి ఎట్లా నిద్రపోయానో నాకే తెలియదు. వెన్ను కింద బండ ఇంకా వెచ్చగా ఉండటం మాత్రం గుర్తుంది. తెల్లారి లేచి చెప్పుల్లో కాళ్ళు పెట్టబోతే, ముందు దులపమంది. ఏమీ రాలలేదు. అయినా ఇప్పటికీ దులపకుండా తొడగను.

రెండో రోజు మధ్యాహ్నానికి కొంచెం ముందు, ఒక మలుపు తిరగగానే మా అత్త చెయ్యి చాచి చూపించింది. అదిగో, ఆ నల్ల బండ కిందనే ఊట. నేను ఇంక ఆగలేదు. నెత్తి మీది గంప అక్కడే దించేసి, నాయనా అని కేక వేస్తూ పరిగెత్తాను. నా కేక కొండకు కొట్టుకొని నా దగ్గరికే తిరిగి వచ్చింది.

అక్కడ ఎవరూ లేరు.

మూడు రాళ్ళ పొయ్యి ఉంది. బూడిద చల్లగా ఉంది. పశువులను కట్టిన గూటాలు, ఎండి బిగుసుకుపోయిన పేడ, కొరికి వదిలేసిన కొమ్మలు. ఊట ఉన్న చోట నెర్రెలు వారిన బురద. పొయ్యి పక్కన మా నాయన తలకు చుట్టుకునే గుడ్డలోంచి చిరిగిన పీలిక ఒకటి పడి ఉంది. నేను దాన్ని తీసి చేత్తో గట్టిగా పట్టుకున్నాను. ఇంక ఏడుపు ఆగలేదు.

మా అత్త వెనకనుంచి నెమ్మదిగా వచ్చింది. బూడిదలో చెయ్యి పెట్టింది. పేడను కాలితో తిప్పి చూసింది. చుట్టూ తిరిగి గిట్టల జాడలు వెతికింది. నేల రాయిలాగా ఉంది. జాడలు కొంత దూరం పోయి, ఒకటి అటూ ఒకటి ఇటూ అయి, బండల మీద మాయమైపోయాయి. ఒక్క క్షణం ఆమె ముఖం తెల్లబోవడం నేను చూశాను. ఆ తర్వాత ఆమె చేసిన పని నాకు అప్పట్లో అస్సలు అర్థం కాలేదు. పోయి ఒక బండ నీడలో చతికిలబడి కూర్చుంది.

"నువ్వూ కూసో" అంది.

"కూర్చునేదేంది? బిన్నా పోదాం పా. నాయన యాడికో పోతాండాడు."

"కూసో పాపా. దిగులు పుట్టినప్పుడు నడిచే నడక మంచిది కాదు. ముందు నీళ్ళు తాగు, రొట్టె తిను, అప్పుడు చూద్దాం."

నేను రొట్టె చేతిలోనే పట్టుకొని కూర్చున్నాను. ఆమె మాత్రం నిదానంగా నమిలి తింటూ ఆలోచించింది. ఆ తర్వాత నన్ను పెద్ద మనిషిలాగా ఎదురుగా కూర్చోబెట్టుకొని ఉన్నదున్నట్టు చెప్పింది. బుర్రల్లో నీళ్ళు రేపు పొద్దుటిదాకా వస్తాయి. వెనక్కి పోతే చెలమ ఉంది. ముందుకు పోతే ఏముందో ఆమెకూ తెలియదు. పొద్దు ఆ పడమటి కొండ అంచును తాకేదాకా ఇక్కడే ఉందాం. అప్పటికీ రాకపోతే చల్లని వేళ వెనక్కి చెలమ దగ్గరికి పోదాం. నాయన కోసం అయినా సరే అంతకు మించి ఉండేది లేదు.

వెతక్కుండా కూర్చుంటే నాయన ఎట్లా దొరుకుతాడని నేను కాళ్ళు కొట్టుకున్నాను. అప్పుడామె అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"వాడు ఒక పక్క తిరిగి, మనం ఒక పక్క తిరిగితే, ఈ కొండల్లో తిరుగుతానే ఉంటాం. ఎవురో ఒకరు నిలబడల్ల. నిలబడినోళ్ళు కనపడల్ల."

"మనం వచ్చింది నాయనకు తెల్దు కదత్తా?"

"తెల్దు. అందుకే తెలిసేటట్టు చేద్దాం లెయ్."

నల్ల బండ మీదికి ఎక్కాము. కొండంతా ఎండిపోయి నిప్పు కోసం కాచుకొని ఉన్నట్టుంది. ఆమె గాలి ఎటు ఉందో చూసుకొని, బండ నడుమ మట్టి, గడ్డి ఏమీ లేని తావు ఎంచుకుంది. చుట్టూ ఉన్న ఎండుటాకులను కొడవలితో చాలా దూరం గోకేసింది. ఆర్పడానికి ఒక కుప్ప మట్టి పక్కన పెట్టుకుంది. అప్పుడు నా నడుము మూటలోని పుల్ల అడిగింది. తన దగ్గర ఉన్నా నన్నే అడిగింది. మొదటి పుల్ల ఆరిపోయింది. రెండోది అంటుకుంది.

మంట బాగా నిలబడ్డాక ఎండు పేడ వేసి, దాని మీద పచ్చి బందారు రెమ్మలూ తంగేడు రెమ్మలూ కప్పింది. తెల్లని పొగ లావుగా లేచింది. గాలి దాదాపు లేదు. పొగ నిట్టనిలువుగా పైకి పోయి, ఎక్కడో పైన నెమ్మదిగా ఒరిగింది. రెమ్మలు తేవడం, పేడ ఏరడం నా పని. ఒక క్షణం కూర్చోనిచ్చేది కాదు. నన్ను ఏడవనివ్వకుండా ఆ పని పెట్టిందని ఇప్పుడు తెలుస్తుంది. అప్పుడు మాత్రం ఆ పొగ సన్నబడితే నాయన దొరక్కుండా పోతాడని నమ్మి, అరచేతులు గీసుకుపోయేటట్టు రెమ్మలు విరిచాను.

పొద్దు వాలసాగింది. ఏ కొండ మీదా ఏ కదలికా లేదు. పొగ కళ్ళలోకి పోయి ఇద్దరికీ నీళ్ళు కారుతున్నాయి. మా అత్తకు పొగ వల్లనేనా అన్నది నేను అడగలేదు.

అప్పుడు గంట వినిపించింది. మా ఎద్దు మెడలోని గంట. ఎడమ పక్క లోయలోంచి స్పష్టంగా వినిపించింది. నేను చేతిలోని రెమ్మలు పారేసి బండ దిగబోయాను. మా అత్త నా లంగా పట్టుకొని లాగింది. వదలమని గింజుకున్నాను, గీరాను, అరిచాను. ఆమె రెండు చేతులతో నన్ను ఒళ్ళోకి అదిమిపట్టింది.

"కొండల్లో చప్పుడు పుట్టే తావు వేరే, వినపడే తావు వేరే. నువ్వు ఆ లోయలోకి దిగితే నీకు పొగ కనపడదు, వానికి నువ్వు కనపడవు. ఈడనే ఉండు తల్లీ."

తల్లీ అని ఆమె నన్ను అంతకు ముందు ఎప్పుడూ పిలవలేదు. ఆ పిలుపుకే నేను ఆగిపోయాను. గంట మెల్లగా దూరమై వినపడకుండా పోయింది. అది పోతుంటే నా లోపలినుంచి ఏదో లాక్కొని పోతున్నట్టు ఉంది. పడమటి కొండ అంచుకూ పొద్దుకూ మధ్య నా బెత్తెడు కూడా మిగల్లేదు. మా అత్త లేచి, ఇంకొక మోపు పచ్చి రెమ్మలు నిప్పు మీద వేసింది.

మా నాయన కుడిపక్కనుంచి వచ్చాడు. గంట వినిపించిన దిక్కుకు సరిగ్గా ఎదురు దిక్కునుంచి. రాళ్ళు దొర్లిన చప్పుడుకు తిరిగి చూస్తే, చేతిలో కట్టె, గడ్డం పెరిగి, ఎముకలు తేలి, ఎవరో అనుకున్నాను. ఆయన బండ కింద నిలబడి పైకి చూస్తూ ఉండిపోయాడు. నేను ఎట్లా దిగానో, ఎక్కడ దూకానో తెలియదు. ఆయన నన్ను ఎత్తుకోలేదు. కింద కూర్చొని, నా రెండు పాదాలూ ఒళ్ళో పెట్టుకొని, చెప్పులు విప్పి అరికాళ్ళు చూశాడు. అంత దూరం నడిచిన పిల్ల కాళ్ళు ఏమైపోయాయోనని.

"అక్కా, ఒక్క బొబ్బ గూడ లేదే" అన్నాడు. ఆ మాట అంటూనే ఏడ్చేశాడు. మా నాయన ఏడవగా నేను చూడటం అదే మొదలు.

తర్వాత సంగతి ఆయనే చెప్పాడు. ఊట ఆరిపోవడంతో రెండు కొండల అవతల ఒక గుంతలో నీళ్ళు ఉంటే అక్కడికి మారారు. పిండి అయిపోయింది. ఇంటి మీద దిగులు పట్టి, పశువులను సాయిబు తాతకు అప్పగించి, ఆ రోజే ఊరికి రావాలని బయలుదేరాడు. వేరే దావన, ఉత్తరపు కనమ మీదుగా. కొంత దూరం పోయాక వెనకనుంచి సాయిబు తాత కేకలు వేశాడట. కొండ మీద పొగ లేచింది చూడమని. "అది కట్టెలోళ్ళ పొగ గాదప్పా. నిలువుగా, ఆగకుండా లేస్తాంది. ఎవురో పనిగా వేస్తాండారు. నువ్వు పోయి చూడు" అన్నాడట. మా నాయన పొగను గురి పెట్టుకొని వచ్చాడు. నేను విన్న గంట సాయిబు తాత దగ్గరున్న మా ఎద్దుదే, కొండకు కొట్టుకొని ఎడమ లోయలోంచి వినిపించిందంతే. మేము వెతుక్కుంటూ ముందుకు పోయి ఉంటే, ఆయన ఉత్తరపు దావన ఊరికి పోయి ఉండేవాడు. మేము ఆ ఎండిన కొండల్లో నీళ్ళు లేకుండా తిరుగుతూ ఉండేవాళ్ళం.

మా అత్త నిప్పు మీద మట్టి పోసి, చేత్తో తడిమి చూసి, చల్లారేదాకా బండ దిగలేదు. దిగాక తమ్ముడి ముందు నిలబడి తిట్టింది. తావు మార్చేటప్పుడు రాళ్ళు పేర్చి, ఎటు పోయినారో ఆ దిక్కుకు ఒక కొమ్మ పెట్టి పోవల్లని తెలియదా అని. మా నాయన తల వంచుకొని విన్నాడు. ఆ రోజు నాకు ఆయన కూడా ఒకరికి చిన్నవాడేనని తెలిసింది.

కొన్నాళ్ళు ఆ గుంత దగ్గరే ఉన్నాము. నా బతుకులో అంత సుఖమైన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. పైన కొమ్మల పందిరి, కింద కంబళి, పక్కన నాయన. పొద్దున సాయిబు తాత నమాజు చేసుకొని వచ్చి నాకు మేకపాలు పిండి ఇచ్చేవాడు. ఆ నల్లని రాగి సంగటికి ఉన్న రుచి నాకు మళ్ళీ ఏ ఇంట్లోనూ దొరకలేదు. తిరిగి వచ్చే రోజు మా నాయన వంక దాకా తోడు వచ్చి, అక్కడ ఆగిపోయాడు. నేను వెనక్కి తిరిగి చూస్తే నిలబడే ఉన్నాడు. ఎన్నిసార్లు తిరిగి చూసినా నిలబడే ఉన్నాడు.

వానలు పడ్డాక ఆయన ఇంటికి వచ్చాడు. ఒక ఎద్దు రాలేదు.

తర్వాత నాకు పెండ్లయి కళ్యాణదుర్గం పక్కకు పోయాను. ఇంకొక కరువులో మా ఆయన పని వెతుక్కుంటూ బళ్ళారి దిక్కు పోయాడు. కొన్ని నెలలు కబురు లేదు. పిల్లలను ఎత్తుకొని పోయి వెతుకు అన్నవాళ్ళు కొందరు, పుట్టింటికి పో అన్నవాళ్ళు కొందరు. నాకు నల్ల బండ గుర్తొచ్చింది. ఇల్లు కదల్లేదు. అయితే ఊరికే కూర్చోలేదు. చెనిక్కాయలు కొనడానికి వచ్చే ప్రతి వ్యాపారికీ, ఆ దిక్కు పోయే ప్రతి లారీ డ్రైవరుకూ మా ఆయన పేరు, పోలిక చెప్పి, నీ పెండ్లాం ఇంట్లోనే ఉంది, పిల్లలు బాగున్నారు అని చెప్పమన్నాను. ఎవరి నోట ఎట్లా చేరిందో, జ్వరంతో ఎక్కడో పడి ఉన్న ఆయనకు ఆ మాట చేరింది. నడవగలిగిన రోజునే బయలుదేరి వచ్చాడు. గడపలో కూర్చొని, నువ్వు ఈడనే ఉంటావని తెలుసు అన్నాడు. నేను లోపలికి పోయి మా అత్తను తలచుకొని ఏడ్చాను.

మా అత్త పోయి చాలా ఏళ్ళయింది. మా నాయన అంతకు ముందే పోయాడు. సాయిబు తాత, మా అమ్మ, మా ఆయన, ఒకరి వెనక ఒకరు అందరూ పోయారు. కొండ మీది పొగ అంత దూరం చేరదని నాకు తెలుసు. వాళ్ళకు నా కబురు చేర్చేవాళ్ళు ఎవరూ లేరని కూడా తెలుసు. అయినా ఏదైనా చేజారిపోయిందని దిగులు పుట్టినప్పుడు, ఇప్పటికీ ముందు కూర్చుంటాను. నీళ్ళు తాగుతాను. నలుగురికీ కనపడే తావులోనే ఉంటాను.

ఎండ వాలాక కుర్చీ తెచ్చుకొని రోడ్డు కనిపించేటట్టు వాకిట్లో కూర్చోవడం నాకు అలవాటు. ఎవరి కోసం అవ్వా అని మనవరాలు అడుగుతుంది. ఎవరి కోసమూ కాదమ్మా, గాలికి అంటాను. అది నిజం కాదు.